ఇల్లు కురవకముందే

రోహిణి కార్తె నడుస్తోంది. జూన్ మొదటి వారం దాటితే మృగశిర. ఈ మధ్యలో మిగిలిన పొడి రోజులే ఏడాది మొత్తంలో ఇంటి మరమ్మతుకు దొరికే మంచి కాలం. స్లాబులో తడి బాగా ఆరి ఉంటుంది. ఎండకు విచ్చుకున్న పగుళ్ళు కంటికి ఆనుతాయి. పూసిన మందు పట్టుకుంటుంది. తొలకరి పడ్డాక మేస్త్రీకి ఫోన్ చేస్తే ‘తడి మీద చేస్తే నిలవదండీ, వానలయ్యాక చూద్దాం’ అంటాడు. అతను చెప్పేది నిజమే. అప్పటిదాకా ఇల్లు మాత్రం ఆగదు, కురుస్తుంది.

పాత ఇళ్ళకు ఈ చిక్కు లేదు. ఎండాకాలం చివర్లో పెంకుటింటి మీదికి మనుషులు ఎక్కేవారు. గూన పెంకుల్ని వరుసలు వరుసలుగా తీసి, పగిలినవి ఏరేసి, కొత్తవి కలిపి మళ్ళీ సర్దేవారు. కోతులు దూకి, కొబ్బరి మట్టలు పడి కదిలిన పెంకులన్నీ ఆ ఒక్క పనితో కుదురుకునేవి. వాసాలకు చెద పట్టిందా, దూలం ఎక్కడైనా నానిందా అన్నదీ అప్పుడే తేలేది. తాటాకిళ్ళ మీదికి కొత్త ఆకు ఎక్కేది. సంక్రాంతి ముందు గోడలకు సున్నం పడేది. ఆ తెలుపు పండగ కళ కోసమే అనుకుంటాం గానీ, సున్నం సన్నని బీటల్లోకి దిగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. డంగు సున్నంతో కట్టిన పాత గోడల్లో సన్న పగుళ్ళు కొన్ని వాటంతటవే పూడుకుపోవడానికీ ఈ గుణమే కారణం. నీటిలో కరిగిన సున్నం పగుల్లోకి చేరి, అక్కడే మళ్ళీ గట్టిపడుతుంది.

ఆ ఇళ్ళను రెండేళ్ళు చూడకుండా వదిలేస్తే నిలవవని అందరికీ తెలుసు కాబట్టి ఏటా చూసేవారు. కార్తెలు, పండగలు ఆ పనిని గుర్తు చేసేవి. స్లాబు వచ్చాక ఆ గుర్తు చేసేవేవీ లేకుండా పోయాయి. ‘స్లాబు వేశాం, ఇక బెంగ లేదు’ అనే నమ్మకం రెండు తరాలుగా మనలో పాతుకుపోయింది. స్లాబు పదేళ్ళు, పదిహేనేళ్ళు నోరు విప్పదు. విప్పేనాటికి ఖర్చు వేలు దాటి లక్షల్లోకి పోతుంది. మన దగ్గర డబ్బుకో పనివాళ్ళకో కొరత వచ్చి ఇళ్ళు పాడవడం లేదని, మరమ్మతుకు ఏడాదిలో ఒక రోజంటూ లేకుండా పోయి పాడవుతున్నాయని నా నమ్మకం. ఆ రోజును మళ్ళీ కేలండర్‌లోకి తెచ్చుకోవాలి.

నీరు లోపల చేసే పని

స్లాబుకు బలమిచ్చేది కాంక్రీటులో దాగిన ఇనుప కడ్డీ. ఆ కడ్డీని తుప్పు నుంచి కాపాడేది చుట్టూ ఉన్న కాంక్రీటు. కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. దాని పీహెచ్ 12, 13 మధ్య ఉంటుంది. ఆ క్షారంలో కడ్డీ మీద కంటికి కనిపించని పలుచని పొర ఏర్పడి, తుప్పును రానివ్వదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని విరుస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి దిగేసరికి కడ్డీకి రక్షణ పోతుంది. ఆపైన తడి తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పు తను తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలినుంచి చీలి, పెచ్చులు ఊడతాయి. పడక గది పైకప్పు నుంచి ఒక పెచ్చు ఊడి పడిందంటే, దాని వెనక కడ్డీ ఏళ్ళుగా తుప్పు పడుతోందని అర్థం.

సముద్రం పక్కన ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు, కాంక్రీటులో క్షారం ఉండగానే ఆ రక్షణ పొరను ఛేదిస్తుంది. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 456 మామూలు చోట్ల కడ్డీ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు చాలంటూనే, తీరపు వాతావరణానికి బయటపడి ఉన్న కాంక్రీటుకు 45 మిల్లీమీటర్లు అడుగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం కనిపించే బాల్కనీ ఉన్నవారు ఆ బాల్కనీ అడుగుభాగాన్ని ఏటా చూసుకోవాలి. గోధుమరంగు గీత కనిపించిందంటే కడ్డీ పొడుగునా తుప్పు నడుస్తున్నట్టే. అక్కడే కిటికీ బందులు, గడియలు, గ్రిల్లు మేకులు కూడా చూడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఊడిపోయిన కిటికీలను, పగిలిన అద్దాలను ఆ నగరం మరిచిపోలేదు. తుప్పు తిన్న గడియ అంతటి గాలికి ఆగదు. మామూలు రోజుల్లో దాన్ని మార్చడం అరగంట పని.

ఈ పొడి రోజుల్లో డాబా ఎక్కి ముందు చీపురు పట్టండి. వేపాకు, గాలిపటాల దారం, పావురాల గూళ్ళ చెత్త, అన్నీ కొట్టుకొచ్చి తూముల దగ్గరే ఆగుతాయి. తూము మూసుకుంటే పిట్టగోడల మధ్య డాబా చెరువవుతుంది. ఊడ్చాక నాలుగు బకెట్ల నీళ్ళు పోయండి. గంట తర్వాత కూడా నీరు నిలిచే చోటు చుట్టూ సుద్దముక్కతో గీయండి. మేస్త్రీకి ఆ గీతే అసలైన సమాచారం. ‘ఎక్కడో కారుతోందండీ’ అంటే అతను డాబా అంతా చేయాలంటాడు.

పిట్టగోడ బీటలో రావి మొక్కో మర్రి మొక్కో మొలిచి ఉంటుంది. పిట్ట వేసిన గింజ అది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడు వేరుతో సహా వస్తుంది. వేలి లావు అయ్యాక కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరు మాత్రం గోడను విడదీస్తూ పోతుంది. రావిని పీకడానికి మనసొప్పని పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. వారి మాట కొట్టేయనక్కర్లేదు. చిన్నదిగా ఉన్నప్పుడే జాగ్రత్తగా తీసి గుడి ఆవరణలోనో చెరువు గట్టునో నాటితే చెట్టూ బతుకుతుంది, గోడా బతుకుతుంది.

పగులు ఉన్నచోట దాన్ని ఉలితో కాస్త తెరిచి, దుమ్ము తీసి, నింపి, ఆపైన పూత వేయడం పద్ధతి. మూసి ఉన్న పగులు మీద పూసిన మందు ఒక్క ఎండాకాలంలోనే చీలుతుంది. కురుస్తున్న డాబా మీద మళ్ళీ గచ్చు వేయించే అలవాటు మాత్రం మానుకోవాలి. రెండంగుళాల గచ్చు చదరపు మీటరుకు వంద కిలోల దాకా బరువు. పాత గచ్చు తీయకుండా దాని మీద ఇంకోటి, దాని మీద పలకలు వేస్తూ పోతే, కడ్డీలు సన్నబడుతున్న స్లాబు మీద ఏటా బరువు పెంచుతున్నట్టు. దీన్ని సలహాగా ఇచ్చే పనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఒప్పుకోకండి.

మరకను చదవడం

ఇంట్లో నిమ్ము కనిపించగానే రంగు వేయించేద్దామనిపిస్తుంది. లప్పం పెట్టి, రంగు వేసి, అప్పటికీ ఆగకపోతే ఫాల్స్ సీలింగ్‌తో కప్పేస్తారు. తడికి దారి ఉండగా పైన కప్పేస్తే అది లోపలే పెరుగుతుంది. మరక ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అని ఓ నెల గమనిస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. వాన పడ్డప్పుడే పెరిగితే డాబాయో, వాన కొట్టే గోడో. మే నెలలో కూడా తడిగా ఉండి, పైన స్నానాలగది ఉంటే పలకల మధ్య సందో, నీళ్ళు పోయే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న సందో. మోటరు వేసినప్పుడు తడి పెరిగితే పైపు. గోడ అడుగున అడుగు, రెండడుగుల ఎత్తుదాకా తెల్లటి ఉప్పు తేలి పెళ్ళలు రాలుతుంటే నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది. నాలుగింటికీ వైద్యం వేరు. ఒకదానికి చేసే ఖర్చు ఇంకోదానికి పనికిరాదు.

ఈ గమనింపు ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళదే. వంటింటి సింకు కింద తడి మొదట వారికే తెలుస్తుంది. తలుపు నేలను రాస్తోందని, మోటరు చప్పుడు మారిందని, గ్యాసు గొట్టం గట్టిపడిందని ముందు చెప్పేది వారే. ఆ మాటను ‘చూద్దాంలే’ అని పక్కన పెట్టడమే చాలా ఇళ్ళలో మరమ్మతు ఆలస్యమవడానికి మొదటి కారణం. ఫ్రిజ్ మీద చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, చూసినవారు చూసిన రోజే తేదీ వేసి రాస్తే, చెప్పిన మాట గాలికి పోదు.

అపార్టుమెంట్లలో మరక మరమ్మతు దాటి తగవుగా మారుతుంది. పై ఫ్లాటు స్నానాలగది కింది ఫ్లాటులోకి కారుతుంది. నష్టపోయేది కిందివారు, పని జరగాల్సింది పైవారింట్లో. ‘మా ఇంట్లో ఏ తడీ లేదండీ’ అని పైవారు చెప్పేది వారి కంటికి నిజమే. నిలదీసేముందు చిన్న పరీక్షకు ఒప్పించుకోవాలి. ఆ స్నానాలగది రెండు మూడు రోజులు వాడకుండా ఉంచితే కింద మరక తగ్గుతుందా? తగ్గితే పలకల సందుల్లో పాత సిమెంటు గీకి, కొత్తగా ఎపాక్సీ నింపి చూడాలి. ఒక రోజు పని, కొద్ది వేల ఖర్చు. చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. పలకలన్నీ పగలగొట్టే పని ఆ తర్వాతి మాట.

కొత్త ఫ్లాటు అయితే రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా ఉంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు చేతికొచ్చిన 5 ఏళ్ళలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫొటో, తేదీ, ఉత్తరం ఉన్నవారికే ఈ హక్కు పనికొస్తుంది. నాలుగో ఏట కనిపించిన మరకను ఆరో ఏట చెప్పుకుంటే వినేవారు ఉండరు.

అద్దె ఇళ్ళ సంగతి మరీ చిక్కు. కుళాయి కారితే ఎవరు బాగు చేయించాలి? కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఈ పనుల్ని జాబితా చేసి పంచింది. ఒప్పందంలో వేరేగా రాసుకోనంతవరకు స్లాబు, గోడలు, పైపులు, వైరింగు, సున్నాలు, తలుపుల రంగులు ఇంటి యజమాని వంతు. కుళాయి వాషరు, స్విచ్చులు, గీజరు, తాళాలు, కాలువలు శుభ్రం చేయించడం అద్దెకున్నవారి వంతు. అంతకు ఎంతో ముందే, 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఒక మాట చెప్పింది. యజమాని చేయాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా సహేతుకమైన గడువులో చేయకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఊరికే తగ్గించుకుంటే తగాదా అవుతుంది గనుక నోటీసు, బిల్లు ముఖ్యం. అద్దె పత్రం రాసుకునే రోజే ఈ పంపకాన్ని నాలుగు వరుసల్లో రాసుకుంటే ఇరువైపులా మర్యాద నిలుస్తుంది.

చుక్క, బొట్టు, పొర

సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు కారుస్తుంది. చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే 21 లీటర్ల పైమాట. ట్యాంకరు కోసం డబ్బు కట్టే కాలనీల్లో ఇది చిన్న సంగతి కాదు. పాతరకం కుళాయిలో పోయేది ఎక్కువగా రబ్బరు వాషరే. గట్టిగా తిప్పితే ఆగుతుందని బలమంతా పెట్టి తిప్పుతాం. ఆ ఒత్తిడికి వాషరు నలిగి, కింది ఇత్తడి అంచు కూడా అరిగిపోతే అప్పుడు కుళాయే మార్చాలి. వాల్వు కట్టేసి, స్పానరుతో తల విప్పి, వాషరు మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోగల పని. పిల్లలకు వేసవి సెలవుల్లో నేర్పించదగ్గ పని కూడా.

ఫ్లష్ ట్యాంకు కారేది చప్పుడు లేకుండా. బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి అరగంట ఎవరూ వాడకుండా చూడండి. కింద నీరు నీలంగా మారితే లోపలి రబ్బరు పోయినట్టే.

బోరునీళ్ళ ఊళ్ళలో ఇంకో శత్రువు ఉంది. షవరు కన్నాల్లో, గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొర. పొర మందమైన కొద్దీ వేడి నీటికి చేరదు, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరకు కాయిల్ పోతుంది. షవరు తలను విప్పి ఓ రాత్రి నిమ్మరసం పిండిన నీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే పొర కరుగుతుంది. గీజరును ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి, లోపలి మెగ్నీషియం కడ్డీ మిగిలి ఉందో లేదో అడగండి. ట్యాంకు గోడకు బదులు తుప్పు తినడానికే ఆ కడ్డీ పెట్టారు. అది అయిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది.

ప్రాణాలమీదికి తెచ్చేవి కొన్ని ఉన్నాయి. వీటిని వాయిదా వేయకూడదు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ‘టి’ అని చిన్న మీట ఉంటుంది. ఇళ్ళలో వాడేది సాధారణంగా 30 మిల్లీయాంపియర్లది. అంతకు మించి కరెంటు పక్కదారి పడితే క్షణంలో సరఫరా ఆపేస్తుంది. నెలకోసారి ఆ మీట నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. ఆర్‌సీసీబీ అసలు లేని పాత ఇళ్ళకు ఈ ఏడాది ఒక్క ఖర్చే పెట్టగలమంటే అది దీనికే పెట్టాలని చెబుతాను. దండెంగా ఇనుప తీగ కట్టి ఉంటే ఇవాళే తీసేసి నైలాన్ తాడు కట్టండి. వానాకాలంలో సర్వీసు వైరు ఒరుసుకుని దండెంలోకి కరెంటు వచ్చి, తడిబట్టలు ఆరేస్తూ తల్లులు చనిపోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. గ్యాసు గొట్టం మీద తయారీ సంవత్సరం ముద్రించి ఉంటుంది. సురక్షా గొట్టం 5 ఏళ్ళకు మించి వాడకూడదు. వాసన వస్తే స్విచ్చు ముట్టకుండా, రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయాలి.

ట్యాంకులోకి మనిషిని దింపకండి

ఇంటి పనుల్లో ఇది వేరుగా చెప్పాల్సింది. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి ఖాళీ చేయించాలి. నిండి పొంగేదాకా ఆగినవారు కంగారులో దొరికిన మనిషిని పిలుస్తారు. అతను మూత తీసి దిగుతాడు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్. మొదటి వాయువు కాస్త ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియనివ్వదు. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగుతారు. ఇలా అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకే ట్యాంకులో పోయారు. 2013లో వచ్చిన చట్టం రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడాన్ని నేరం చేసింది. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. యంత్రం ఉన్న లారీని పిలవండి. పురపాలక సంఘాలకు 14420 నంబరు ఉంది. లారీ గొట్టం అందని సందులో ఇల్లున్నా పొడుగు గొట్టం తెచ్చే బండి దొరికేదాకా ఆగండి. ‘అలవాటేనండీ, దిగుతాను’ అని అతనే అన్నా ఒప్పుకోకూడదు.

దోమలు పెరగకుండా నీళ్ళ ట్యాంకు మూత, కూలరు అడుగు, మొక్కల పళ్ళేలు వారానికోసారి చూడాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది. 2020లో తెలంగాణ పురపాలక శాఖ ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని పిలుపునిచ్చింది ఈ లెక్క మీదే. ఒక పనికి వారం, గంట కట్టిపెడితే అది జరుగుతుందన్న ఆలోచన అందులో నాకు బాగా నచ్చింది. డాబా చూసుకోవడానికి నెల్లూరు, తిరుపతి వైపు వారికి ఒక్క మే నెల చాలదు. అక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, దసరా లోపు డాబా ఇంకోసారి ఎక్కాలి.

పనివాళ్ళు దొరకడం లేదన్న మాట అన్ని ఊళ్ళలో వింటున్నాం. ఒక్క వాషరు మార్చడానికి ప్లంబరు పది కిలోమీటర్లు రాడు. వస్తే పెట్రోలు, పూట రెండూ పోతాయి. నోటు పుస్తకంలో రాసుకున్న పనులు నాలుగైదు పోగయ్యాక ఒకేసారి పిలిస్తే వస్తాడు. వచ్చాక పక్కన నిలబడి చూడండి, ఏం మార్చాడో అడగండి, పాత భాగం చూపించమనండి. బేరం ఆడాల్సింది పని మొదలుకాకముందే. అయ్యాక ఒప్పుకున్నంత అప్పుడే ఇవ్వాలి. చిన్న పనికి సరిగ్గా డబ్బిచ్చిన ఇంటికి అతను వాన రాత్రయినా వస్తాడు.

ఇక మనుషులు లేని ఇళ్ళు. గోదావరి జిల్లాల్లో, గుంటూరు, కృష్ణా పల్లెల్లో, కరీంనగర్ వైపు, పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, పెద్దవాళ్ళు పోయాక తాళం పడ్డ ఇళ్ళు ఎన్నో. మనుషులున్న ఇంటికంటే ఇవి త్వరగా పాడవుతాయి. వాడకం లేక కాలువల ట్రాపుల్లో నీరు ఎండిపోతుంది. ఆ దారిన వాసన, బొద్దింకలు, ఎలుకలు లోపలికొస్తాయి. గోడ మూలలో చెద మట్టి గీత మొదలైతే చూసేవారుండరు. మోటరు నెలల తరబడి తిరగక బిగుసుకుపోతుంది. ఇలాంటి ఇంటికి పదిహేను రోజులకోసారి ఒక మనిషి వచ్చి కిటికీలు తెరవాలి, ప్రతి కాలువలో చెంబెడు నీళ్ళు పోయాలి, మోటరు ఐదు నిమిషాలు తిప్పాలి, తలుపుల వెనక, అలమారల కింద చెద గీతల కోసం చూడాలి, డాబా తూములు ఊడ్చాలి, నాలుగు ఫొటోలు పంపాలి. చాలాచోట్ల ఈ పని తాళంచెవి దగ్గరున్న పొరుగు పిన్నిగారో, పాత పాలేరు కొడుకో ఊరికే చేసిపెడుతున్నారు. వారికి నెలనెలా ఇంత అని జీతం కట్టి పంపాలి. పండక్కి వచ్చినప్పుడు పెట్టే చీరతో, పంచెతో ఆ లెక్క తీరదు.